ఇంట్లో రికార్డు చేస్తే శ్రుతి జారుతోంది, తాళం వెనకబడుతోంది. లోపం గొంతులోనేనా?

కొత్తగొంతు (ఖమ్మం)

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని పదో తరగతిలో మానేశాను. పోయినేడాది మళ్లీ మొదలుపెట్టాను. బ్యాంకు ఉద్యోగం, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. గురువు దగ్గరికి వెళ్లే వీలు లేదు.

మోహన రాగంలో ఒక కీర్తన రికార్డు చేశాను. యూఎస్‌బీ కండెన్సర్ మైకు, ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తంబురా, మృదంగం ఉన్న ట్రాక్ వింటూ పాడాను. చుట్టాల గ్రూపులో పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. మా బాబాయి ఒక్కరే ఫోన్ చేసి, "శ్రుతి కిందికి జారుతోందమ్మా, తాళం కూడా వెనకబడుతోంది" అన్నారు. ఆయనకు సంగీతం తెలుసు. అప్పటి నుంచి పాడదామని కూర్చుంటే చాలు, టెన్షన్. లింకు పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి. ఈ వయసులో సరిచేసుకోగలిగేవేనా ఇవి?

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా, నేను 22 ఏళ్లుగా సంగీతం చెబుతున్నాను. మీ పాట మూడుసార్లు విన్నాను, ఒకసారి ఫోన్లో, రెండుసార్లు మంచి హెడ్‌ఫోన్లో.

ముందు తాళం సంగతి. బాబాయిగారు విన్నది నిజమే, వెనకబడింది. కానీ ఎలా వెనకబడిందో గమనించండి. లయ కుదరనివాళ్లు ఒకచోట తొందరపడతారు, ఇంకోచోట ఆలస్యమవుతారు. మీరు పల్లవి ఎత్తుగడ నుంచి చివరి చరణం దాకా ఒకే కొలతలో వెనక ఉన్నారు. మనుషులు అంత కచ్చితంగా తప్పు పాడలేరు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికే సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది. మీ చెవికి ఎప్పుడు వినపడిందో అప్పుడే మీరు పాడారు. ఆడాసిటీలో మీ గొంతు ట్రాక్‌ను కొంచెం ఎడమకు జరిపి వినండి, తాళం కూర్చుంటుంది. ఇకమీదట వైరున్న ఇయర్‌ఫోన్లే వాడండి. ఒక చెవికే పెట్టుకుని రెండోది వదిలేయండి, మీ గొంతు మీకు వినపడాలి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఇలాగే పాట పంపితే, "నీకు లయజ్ఞానం తక్కువ, ముందు తాళం వెయ్యడం నేర్చుకో" అని రాశాను. ఆ అబ్బాయి పాడటమే మానేశాడు. ఏడాది తర్వాత మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని వర్ణం రెండు కాలాల్లో (వేగాల్లో) పాడాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఎవరి గొంతు గురించైనా ఒక మాట అనేముందు ఏ గదిలో, ఏ వేళ, దేంతో వింటూ పాడారో ఆరా తీస్తాను.

మీరు చెప్పకపోయినా కొంత పాటలోనే తెలిసింది. బాగా పొద్దుపోయాక పాడారు కదూ? పల్లవి అయ్యాక మీరు ఆగినచోట గోడగడియారం టిక్కుటిక్కుమంది. ఎక్కడో కుక్క మొరిగింది. అంత చిన్న చప్పుళ్లు పడ్డాయంటే మైకు గెయిన్ (శబ్దం పట్టే మోతాదు) బాగా పెంచారు. పెంచాల్సి వచ్చిందంటే మీ గొంతు అంత సన్నగా పలికింది. ఇంట్లోవాళ్లు లేస్తారని గొంతు నొక్కి పాడుతున్నారని నా అనుమానం. శ్రుతి జారుతున్నది అందుకే. గొంతు అణిచినప్పుడు ఊపిరి సగం గాలిగా పోతుంది, స్వరాన్ని నిలబెట్టదు. మోహనలో మధ్యమం (మ) లేదు కాబట్టి పంచమం (ప) నుంచి ఒక్కసారిగా గాంధారం (గ) మీదికి దిగాలి, మధ్యలో కాలు పెట్టడానికి మెట్టు ఉండదు. మీరు అలా దిగి నిలబడిన ప్రతిచోటా గాంధారం కుంగింది. పైనుంచి దిగకుండా రిషభం (రి) నుంచి ఎక్కినప్పుడు అదే గాంధారం చక్కగా ఉంది. అంటే మీ చెవికి ఆ స్వరస్థానం తెలుసు.

ఇంకొకటి, "గోవిందా" అన్న మాట. "గో" అన్నాక "విం" దగ్గర నాలుక పళ్లకు ఆనించేసి, ఆ సున్నాను ముక్కులో సాగదీశారు. ఊపిరి చాలక ఆగి, తర్వాత "దా" అన్నారు. స్వామి పేరు రెండు ముక్కలైంది. సాగాల్సింది "వి"లోని ఇకారం. సున్నా చివర్లో అలా తగిలీ తగలనట్టు తగిలి "దా" మీదికి వెళ్లిపోవాలి. ఊపిరి "గో" కంటే ముందే తీసుకోండి, భుజాలు లేవకూడదు, పక్కటెముకల కింద విచ్చుకోవాలి. హల్లులు తీసేసి ఒట్టి అచ్చులతో "ఓ... ఇ... ఆ" అని ఆ సంగతి (ఆ పంక్తిని మార్చి పాడే తీరు) నాలుగుసార్లు పాడి, అప్పుడు మాట పెట్టండి.

మీరు శ, ష, స మూడూ వేరువేరుగా పలికారు. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. చరణంలో ధైవతం మీద ఆగిన తీరు కూడా, పాట అర్థం తెలిసినవాళ్లే అలా ఆగుతారు.

పందిరిసౌండు (విజయవాడ)

అక్కా, గొంతు గురించి అమ్మగారు చెప్పాక నేను చెప్పేదేమీ లేదు. నేను ఆర్కెస్ట్రాకు సౌండ్ చూస్తాను. ఒకటి అడగాలి, మైకు తల మీదికి పాడుతున్నారా? స్టేజీ మీద చేతిమైకులు చూసిన అలవాటుతో చాలామంది అలాగే పాడతారు. నిలువుగా నిలబెట్టే కండెన్సర్ మైకుల్లో చాలావాటికి ముఖం పక్కన ఉంటుంది, ఎక్కువగా కంపెనీ గుర్తు ఉన్న వైపు. పైనుంచి పాడితే గొంతు దూరంగా, డొల్లగా వస్తుంది. మీది అలాగే ఉంది. నోటికి జానెడు దూరంలో పెట్టి, కొంచెం పక్కకు జరపండి. "ప", "భ" అన్నప్పుడు వచ్చే గాలిదెబ్బ తప్పుతుంది.

పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోటు ఒకసారి పాడి చూసుకోండి. ఆడాసిటీ మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆడాలి. సున్నాను తాకి పగిలిన గొంతును తర్వాత బాగుచేయడం చాలా కష్టం.

గదిలో స్టీలు బీరువా ఉందా? తార షడ్జం (పై స) దగ్గర ఏదో రేకు ఝుమ్మంటోంది. వీలైతే వేరే గదికి మారండి. గోడల ప్రతిధ్వని తగ్గాలని బొంత కట్టేవాళ్లు మైకు వెనక కడతారు, కానీ ఈ మైకు చూసేది మిమ్మల్ని, మీ వెనక గోడను. అందుకని బొంత మీ వీపు వెనక ఉండాలి. బట్టలున్న అల్మరా తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి పాడినా సరిపోతుంది. నాయిస్ రిడక్షన్ (వెనక చప్పుడు తీసేసే ఎఫెక్ట్) కూడా తగ్గించండి, పంక్తుల చివర్లు నీళ్లలోంచి వస్తున్నట్టున్నాయి.

మంద్రస్థాయి (హైదరాబాద్)

మీ ట్రాక్ ఐదున్నర శ్రుతిలో ఉంది. ఈ అంకె తగ్గేకొద్దీ పాటకు ఆధారమైన స కిందికి దిగుతుంది. చిన్నప్పటి శ్రుతినే పట్టుకున్నారేమో చూసుకోండి. నలభై దాటాక నేను ఐదున్నర నుంచి నాలుగున్నరకు దిగాను, ఇప్పుడు పాట హాయిగా ఉంది. ఆడవాళ్లు ఐదున్నరలోనే పాడాలని ఎక్కడా రాసిలేదు.

కొత్తగొంతు (ఖమ్మం)

పది రోజులకు మళ్లీ వచ్చాను. గడియారం మాట చదివి ఉలిక్కిపడ్డాను. రాత్రి పదకొండు దాటాక, బాబు పడుకున్నాక ఫ్యాన్ ఆపేసి పాడింది అది. మైకు పైనుంచే పాడాను. వెనక బీరువా ఉంది, దాని తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుంది, మోగింది అదే. ట్రాక్ ఎడమకు జరిపి విని, అదే బాబాయికి పంపాను. "తాళం బాగుందే" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లకు చెప్పి, తలుపేసుకుని, బొంత వెనక కట్టుకుని పూర్తి గొంతుతో పాడాను. మొదటి రెండుసార్లు ఎవరిదో గొంతులా అనిపించి మధ్యలోనే ఆపేశాను. మూడోసారి పక్కింటి కుక్కర్ కూత వచ్చినా ఆపలేదు. అదే పెడుతున్నాను. శ్రుతి ఇంకా మార్చలేదు, దించమంటారా?

గోదారిగట్టు (రాజమండ్రి)

విన్నానమ్మా. గడియారం లేదు. "గోవిందా" ఒకే ఊపిరిలో వచ్చింది. కుక్కర్ కూత ఉండనివ్వండి.

హైదరాబాద్ నుంచి రాసినవారి మాట మంచిదే, కానీ రెండు వారాలు ఆగండి. నొక్కిన గొంతుకు పైస్థాయి అందకపోవడం వేరు, విప్పిన గొంతుకు అందకపోవడం వేరు. తార షడ్జం ఈసారి సునాయాసంగా తాకారు. దాని పైన రిషభం దగ్గర మాత్రం మెడ బిగిసింది. అది అలాగే ఉంటే ఐదుకు దించుదాం.

పల్లవిలో గాంధారం నిలిచింది. అనుపల్లవి రెండోసారి పాడినప్పుడు ఇంకా వెంట్రుకవాసి కిందే ఉంది. రేపు పొద్దున బ్యాంకుకు బయల్దేరేముందు తంబురా పెట్టుకుని పది నిమిషాలు ప-గ, ప-గ ఒక్కటే అకారంలో పాడి పంపండి. పాట వద్దు. ఫోన్‌లో రికార్డు చేసినా చాలు.