తుప్పు గుట్ట కనిపిస్తే కింద నికెల్ ఉన్నట్టేనా? (వాయిసీస్ బే)

తుప్పురాయి:
కెనడాలోని లాబ్రడార్ తీరంలో నెయిన్ ఊరికి నైరుతిగా ఉన్న వాయిసీస్ బే గురించి చదువుతున్నా. 1993లో వజ్రాల జాడ కోసం తిరుగుతున్న ఇద్దరు ప్రాస్పెక్టర్ల (ఖనిజాల కోసం వెతికేవాళ్ల) కంట తుప్పు రంగు గుట్ట పడిందనీ, ఏడాది తర్వాత డ్రిల్ వేస్తే రాగి, నికెల్ తగిలాయనీ ఉంది. నా సందేహం ఏమిటంటే, అక్కడి టసియుయాక్ నైస్ అనే చారల రూపాంతర శిలలో కూడా పిర్హోటైట్ (ఇనుప సల్ఫైడ్ ఖనిజం), గ్రాఫైట్ దండిగా ఉన్నాయి. అదీ తుప్పు పడుతుంది, ఈఎం (విద్యుదయస్కాంత) సర్వేలో అదీ పలుకుతుంది. ఏ తుప్పు దేనిదో ఎలా తేలుస్తారు?

గ్యాబ్రో_గురువు:
మీరు తప్పుదారి పట్టిస్తుందంటున్న ఆ నైస్ వల్లే అక్కడ ఖనిజం పుట్టిందండీ. సుమారు 133 కోట్ల ఏళ్ల కిందట ట్రాక్టోలైట్ అనే గ్యాబ్రో రకం రాయిగా గడ్డకట్టే మాగ్మా, సన్నటి డైక్ (రాతి పగులు) గుండా పైకొస్తూ ఆ నైస్‌ను కరిగించుకుంది. దాంట్లోని గంధకం కలిసేసరికి మాగ్మా ఇముడ్చుకోలేకపోయింది, ఆ గంధకం సల్ఫైడ్ చుక్కలుగా విడిపోయింది. నికెల్, రాగి, కోబాల్ట్ ఆ చుక్కల్లోకి చేరాయి. డైక్ ఇరుకుగా ఉన్నంతసేపు ప్రవాహం వేగానికి చుక్కలు కొట్టుకుపోతాయి. వెడల్పైన చోట వేగం తగ్గి, బరువుకి కిందికి దిగుతాయి. అక్కడి ఖనిజ నిక్షేపాలు ఓవాయిడ్, ఈస్టర్న్ డీప్స్ అలాంటి చోట్లే. అందుకే తుప్పు ఎంత ఎర్రగా ఉందన్నది కాదు, దాని కింద ఏ రాయి ఉందో చూడాలి. ఆలివిన్, ప్లేజియోక్లేజ్ ఖనిజాలు కలిసిన ట్రాక్టోలైట్ దొరికితే ఆశ. గ్రాఫైట్ మరకతో నైసే వస్తే వదిలేయొచ్చు.

కోర్‌పెట్టె:
సర్వే సంగతి నేను చెప్తా. ఈఎం ఒక్కదాన్నే నమ్మితే గ్రాఫైట్ చేతిలో మోసపోతారు. గ్రావిటీ (గురుత్వ) సర్వే కలపండి. గట్టి సల్ఫైడ్ సాంద్రత 4.5 దగ్గర, నైస్ 2.7 దగ్గర. కరెంటు పలికిన చోటే బరువూ పెరిగితే డ్రిల్ వేయొచ్చు, గ్రాఫైట్‌కి ఆ బరువు రాదు. అయస్కాంతం కూడా తుది తీర్పు కాదు: మోనోక్లినిక్ అనే స్ఫటిక రకం పిర్హోటైట్ అంటుకుంటుంది, హెక్సాగోనల్ రకం దాదాపు అంటుకోదు.

కోర్ (డ్రిల్‌లో వచ్చిన రాతి కడ్డీ) కోశాక తడిపి చూడండి. పిర్హోటైట్ గోధుమ కంచు రంగు, రాగి ఉండే చాల్కోపైరైట్ ఇత్తడి పసుపు. ఆ రెంటి మధ్య కాస్త లేత రంగులో, కోర్ తిప్పితే చదునైన ముఖాలు తళుక్కుమనేది పెంట్లాండైట్. నికెల్ ప్రధానంగా దాంట్లోనే. సల్ఫైడ్ పరుపు మీద నల్ల మచ్చలతో చిరుతపులి చర్మంలా ఉండే ట్రాక్టోలైట్ అక్కడి ప్రత్యేకత. ఆ మచ్చలు పెద్ద ఆగైట్, ఆలివిన్ స్ఫటికాలు.

తుప్పురాయి:
గోసన్ (ఆ తుప్పు గుట్ట) ముక్క మీద చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో మూలకాలు చూపే పరికరం) పెడితే సరిపోదా?

గ్యాబ్రో_గురువు:
ఉందో లేదో తెలుస్తుంది, ఎంతో తెలియదు. గోసన్‌లో నికెల్ ముందే కడుక్కుపోతుంది, రాగి కాస్త నిలుస్తుంది. సున్నా వచ్చిందని కొట్టేయకండి, గుట్ట అంచున తాజా రాయి పగలగొట్టండి. ల్యాబ్‌కి పంపితే నాలుగు ఆమ్లాల పద్ధతి ఆలివిన్‌లోని నికెల్‌ని కూడా లాగేస్తుంది. ఆలివిన్‌లోని ఆ నికెల్‌ని ఖనిజం నుంచి కరిగించి తీయడం కుదరదు. అందుకే గంధకం కూడా కొలిపించండి.

లెక్క సులువే. మొత్తం నికెల్ 0.50 శాతం, అందులో సిలికేట్ (ఆలివిన్ లాంటివి) వాటా 0.05, గంధకం 7 శాతం అనుకోండి. సల్ఫైడ్‌లో గంధకం దాదాపు 36 శాతం కాబట్టి రాయిలో సల్ఫైడ్ 19 శాతం. 0.45ని 0.19తో భాగిస్తే 2.4. అంటే అచ్చంగా సల్ఫైడే అయితే నికెల్ 2.4 శాతం ఉండేది. ఇలా వచ్చిన అంకె 0.5 దాటకపోతే గట్టి సల్ఫైడ్ తగిలినా నాసిరకమే.

కోర్‌పెట్టె:
ఒక్క మాట: ఈ పద్ధతిని మన అగ్నిగుండాల రాగి–సీసం మీద ప్రయోగించొద్దు. అది కడప బేసిన్ అవక్షేప శిలల్లోది, అక్కడ ఆలివిన్ కోసం వెతికితే ఏమీ దొరకదు.