ఫ్రెండ్ రాసిన డార్క్ క్యాంపస్ రొమాన్స్ చదివాను, ఏం చెప్పాలో తెలీట్లేదు

నిద్రలేని_రీడర్:
మా ఫ్రెండ్ ఒకామె మొదటిసారి నవల రాసింది, దాదాపు 1,20,000 పదాలు. మొహమాటపడకుండా చెప్పమంది, నిజంగా అలా చెప్తే మళ్లీ నాతో మాట్లాడుతుందో లేదో. కథేంటంటే, హీరో సీనియర్, వాళ్లన్నయ్య చావుకి హీరోయిన్ వాళ్లక్కే కారణమని నమ్ముతాడు, అందుకని ఈ అమ్మాయి కాలేజీలో చేరిన రోజు నుంచీ నలుగురిలో అవమానించడం, ఎవరూ తనతో కలవకుండా చేయడం, ఈలోపు తనే ప్రేమలో పడిపోవడం. ఎక్కడో చదివినట్టే ఉంది కదా, అయినా మొదటి సగం కింద పెట్టలేకపోయాను.

ఒక్క సీన్ చెప్తా. మొదట్లో ఆమె ఐడీ కార్డు లాగేసుకుంటాడు. అది లేకపోతే లైబ్రరీలోకి రానివ్వరు, హాస్టల్ గేటు దగ్గర రోజూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. చాలా చాప్టర్లయ్యాక ఎవరి చేతో తిప్పి పంపిస్తాడు. చూస్తే ఫొటో మీద లామినేషన్ ఒక్కచోటే అరిగి మసకబారి ఉంటుంది, సరిగ్గా బొటనవేలు పెట్టే చోట. ఆమె ఏమీ అనదు, ఫొటో లోపలివైపుకి ఉండేలా తిప్పి మెడలో వేసుకుని క్లాసుకి వెళ్లిపోతుంది. అంతే సీన్. ప్రేమ గీమ అన్న మాటే లేదు.

కానీ సెకండాఫ్‌లో విపరీతమైన చిరాకొచ్చింది, ఎందుకో చెప్పలేకపోతున్నా. హీరో క్రూరుడనా అంటే అది తెలిసే మొదలుపెట్టాను కదా.

ఎర్ర_పెన్ను:
సెకండాఫ్‌లో హీరోయిన్ తనంతట తాను ఏమేం చేస్తుందో ఒక కాగితం మీద రాయండి, ఏడవడం, ఎదురుచూడడం, కిడ్నాప్ అవడం లెక్కలోకి రావు. ఎన్ని వస్తాయో చూడండి. నాకైతే మీ చిరాకు అక్కడే ఉందనిపిస్తోంది. కార్డు తిప్పి వేసుకున్న పిల్లకి పొగరుంది, లెక్కలేనితనం ఉంది, వాడు ఏం చేసినా తన నిర్ణయం తనది. డార్క్ రొమాన్స్‌లో హీరో ఎంత చీకటి మనిషైనా రీడర్ భరిస్తాడు, ఎదురుగా నిలబడే మనిషి ఉన్నంతవరకే. ఆమె మెత్తబడిపోయాక మిగిలేది ఒకడు ఇంకొకర్ని హింసించడమే, దాన్ని చూస్తూ కూర్చోడానికి నవలెందుకు.

ఇంకోటి, వాడు క్షమాపణ ఎలా అడిగాడు? దానికోసం ఏం పోగొట్టుకున్నాడు?

నిద్రలేని_రీడర్:
వర్షంలో మోకాళ్ల మీద కూర్చుని అడుగుతాడండీ 🙂 ఒకటిన్నర పేజీ. పోగొట్టుకున్నది షర్టు ఇస్త్రీ ఒక్కటే. పైగా 30వ చాప్టర్‌లో వీడికంటే నీచుడైన విలన్ ఒకడు ఊడిపడతాడు, వాడి పక్కన పెడితే వీడు దేవుడిలా కనిపిస్తాడు.

ఎర్ర_పెన్ను:
హహ అదే. ఆ విలన్‌ని తీసేయమనండి ముందు. హీరో చేసినవాటికి హీరోనే జవాబు చెప్పాలి. నలుగురిలో అవమానించినవాడు నలుగురిలోనే తన తప్పు ఒప్పుకోవాలి, సస్పెండ్ అవుతాడో, ఫ్రెండ్స్ వదిలేస్తారో, ఆమె కొన్నాళ్లు మొహం చూడదో, ఏదో ఒకటి నిజంగా జరగాలి. ఆమె వద్దంటే వెనక్కి తగ్గడం కూడా ఒక్కసారైనా చూపించాలి, లేకపోతే మారాడని ఎలా నమ్ముతాం.

కామా_పిచ్చి:
ఇద్దరి వైపు నుంచీ "నేను" అని చెప్తూ చాప్టర్లు మారుతుంటాయా? అలా అయితే చాప్టర్ పైన పేరు చేత్తో మూసి ఒక పేరా చదవండి, ఎవరిదో తెలియకపోతే పని మిగిలి ఉన్నట్టే. ఇద్దరికీ గుండె ఒకేలా ఆగుతుంది, ఇద్దరూ ఒకేలా పెదవి కొరుక్కుంటారు, ఈ తరహా మాన్యుస్క్రిప్టుల్లో రోజూ చూసేదే. వాడు దేన్ని చూస్తాడు, ఈమె దేన్ని చూస్తుంది అన్నదగ్గరే గొంతులు విడిపోవాలి. ఇంకా ఇది ముందు వారానికో పార్ట్ చొప్పున ఆన్‌లైన్‌లో పెట్టిందా? ప్రతి చాప్టర్ చివర బాంబు, తర్వాతి చాప్టర్ మొదట్లో జరిగింది మళ్లీ చెప్పడం ఉంటే అదే కారణం, పుస్తకంగా వరసపెట్టి చదివేవాళ్లకి అది నరకం, ఈజీగా ఒక 15,000 పదాలు కోసేయొచ్చు.

అవునూ, ఆ కాలేజీలో పరీక్షలు ఉంటాయా?

నిద్రలేని_రీడర్:
వారానికో పార్టే, కరెక్టుగా పట్టుకున్నారు. పరీక్షలు లేవు, ఒక్క లెక్చరర్ కూడా నోరు విప్పడు, అసలు వాళ్లు ఏ బ్రాంచో నాకు ఇప్పటికీ తెలీదు.

సూటిగా:
ఏడిపించినవాడిని పెళ్లి చేసుకునే కథలు ఇంకా ఎన్నాళ్లు రాస్తారండీ. వెంటపడి వేధించడాన్ని ప్రేమ అంటే చదివే చిన్నపిల్లలు ఏం నేర్చుకుంటారు?

ఎర్ర_పెన్ను:
మీ భయం అర్థమైంది కానీ ఈ గొడవ కొత్తది కాదు. 1740లో ఇంగ్లిష్ రచయిత రిచర్డ్‌సన్ రాసిన పమేలా అనే నవలలో యజమాని పనమ్మాయిని బంధిస్తాడు, తర్వాత ఆమె ఉత్తరాలు చదివి మారి పెళ్లి చేసుకుంటాడు. మరుసటి ఏడాదే ఫీల్డింగ్ అనే ఇంకో రచయిత షమేలా అని దాన్ని వెక్కిరిస్తూ రాశాడు. మీలాగే అప్పుడూ ఒళ్లు మండింది జనానికి. కానీ గమనించండి, అక్కడ మార్పుకి ఆమె రాతలు చదవడం అనే కారణం ఉంది, ఊరికే వర్షం పడలేదు. చూపించడం వేరు, వెనకేసుకురావడం వేరు. ఈ నవల రెండోది చేస్తోందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సూటిగా:
సరే, అయినా నేను చదవను.

కామా_పిచ్చి:
చదవొద్దు, అందుకే కదా ముందు పేజీలో హెచ్చరిక పెట్టేది. వేధింపు, ఆత్మహత్య ప్రస్తావన, బలవంతం, ఏముంటే అది పేరు పెట్టి రాయాలి, "సున్నిత మనస్కులు చదవొద్దు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

నిద్రలేని_రీడర్:
థాంక్సండీ అందరికీ. ముందు ఐడీ కార్డు సీన్ గురించే చెప్తా, అది నిజంగా నచ్చింది కాబట్టి. తర్వాత ఎర్ర_పెన్ను గారన్న లిస్టు తననే రాయమంటా, నేను రాసిస్తే పోట్లాడుతుంది. విలన్ సంగతి మాత్రం ఫోన్‌లో చెప్పలేను, వాడంటే తనకి ప్రాణం, వాడికి వేరే పుస్తకం కూడా ప్లాన్ చేసింది.

కామా_పిచ్చి:
అయ్యో 😭 అయితే వాడిని ఆ పుస్తకంలోకే పంపేయమనండి.