శాంతిగా పోరాడితే సైన్యం దిగిపోతుందా? మయన్మార్ మీద చర్చ

కొర్లగుంట టీచరు:
2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. జనం శాంతిగానే రోడ్డెక్కారు. అదే ఏడు సెప్టెంబరు 7న, సైన్యానికి పోటీగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం సాయుధ పోరాటానికి పిలుపిచ్చింది. తుపాకీ పట్టడం తప్పనేది నా మాట. మీరేమంటారు?

చిత్తూరు కుర్రోడు:
ఓటేసి చూశారు కదా సార్! 1990లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ 485 సీట్లలో 392 గెలిచింది. సైన్యం దిగలేదు. 2020లో మళ్లీ గెలిపిస్తే మళ్లీ లాక్కున్నారు. 2021 మార్చి 27న ఒక్కరోజే వందమందికి పైగా చంపేశారు. ఇంకా ఎదురొమ్ము పెట్టి నిలబడమని ఏ నోటితో చెప్పేది?

కొర్లగుంట టీచరు:
చిలీ సంగతి చూడు నాయనా. 1988లో దాదాపు 56 శాతం మంది అక్కడి సైనిక పాలకుడు పినోచెట్ వద్దని ఓటేశారు. దిగిపోయాడు.

చిత్తూరు కుర్రోడు:
ఆ ఓటింగు ఆయన రాయించుకున్న రాజ్యాంగంలో ఉన్నదే సార్. మయన్మార్ రాజ్యాంగం పార్లమెంటులో నాలుగోవంతు సీట్లు సైన్యానికే రాసిచ్చింది. రెండూ ఒకటెట్లా అవుతాయి?

పుత్తూరు నర్సు:
ఓటు, తుపాకీ, ఈ రెంటి మధ్యలో జరిగింది మీరిద్దరూ వదిలేశారు. మొట్టమొదట పని మానేసింది ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు. తర్వాత రైల్వే, బ్యాంకులు, బడులు. రాత్రి 8 అయితే ఇంటింటా గిన్నెలు మోగేవి. దయ్యాన్ని తరమడానికి అక్కడ అట్లా కొడతారు. 2020 మార్చి 22న, కరోనా జనతా కర్ఫ్యూ నాడు, మనమూ మిద్దెలెక్కి పళ్లాలు కొట్టాం. మా అమ్మ ఇత్తడి పళ్లేనికి ఆ గరిటె సొట్ట ఇంకా ఉంది. మనల్ని పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. వాళ్ల ఇళ్లకి అర్ధరాత్రి సైనికులు వచ్చారు.

నేను పదకొండేళ్లుగా వార్డులో చేస్తున్నా. మంచం మీది మనిషిని వదిలి బయటికి రావాలంటే కాళ్లు రావు. వాళ్లు వచ్చారు, వచ్చి ఉచిత క్లినిక్కుల్లో వైద్యం చేశారు. జీతం తీసుకుంటూ ఆ ప్రభుత్వాన్ని నడపం అన్నారు. నాకు అన్నిటికన్నా పెద్ద ధైర్యం అదే.

కొర్లగుంట టీచరు:
అది నేను ఆలోచించలేదమ్మా. కానీ జీతం లేకుండా ఎన్నాళ్లు? రంగూన్‌లో సమ్మె చేసిన రైల్వేవాళ్లని క్వార్టర్స్ నుంచే వెళ్లగొట్టారు కదా.

పుత్తూరు నర్సు:
నిజమే సార్. ఊళ్లోవాళ్లు చందాలేసి బియ్యం, డబ్బు అందించారు. ఆ బియ్యం అందినన్నాళ్లు సమ్మె నిలిచింది. అందుకే తుపాకీ పట్టినవాళ్లని నేను తప్పు పట్టను, పట్టనివాళ్లు ఓడిపోయారనీ అనను.