టి కణాల పోటీకి ‘ఎంపిక’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. పిల్లల కోసం వ్యాధినిరోధక శక్తి మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. సాయం చేయండి.

టి కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. అవి ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో తయారవుతాయి, ఆ ‘టి’ ఇంగ్లిష్‌లో దాని పేరు (Thymus) మొదటి అక్షరమే. మన సొంత కణాల మీదికే ఎగబడేవి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. దీనికి ‘ఏరివేత’ చక్కగా సరిపోయింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. చిక్కంతా తర్వాతి దశతోనే.

క్రిమి ఒంట్లో చేరాక డెండ్రైటిక్ కణం అనే మరో రక్షక కణం దాని ముక్కను తన పైపొర మీద పెట్టి చూపిస్తుంది. దాన్ని గుర్తుపట్టే టి కణాల్లో కొన్నిటి పట్టు గట్టిది, కొన్నిటిది వదులు. ముక్కలేమో కొద్ది. గట్టి పట్టున్నవి ముందే కరుచుకుంటాయి, ఒక్కోసారి ఆ ముక్కను డెండ్రైటిక్ కణం మీంచి ఊడబెరుక్కుంటాయి కూడా. మిగతావాటికి అందేది తక్కువ, కాబట్టి అవి అంతగా పెరగవు. ఎలుకలకు లిస్టీరియా అనే బాక్టీరియా రెండోసారి సోకినప్పుడు టి కణాల గుంపు మొత్తం పట్టు ఇలా పెరగడాన్ని బుష్, పామర్ అనే శాస్త్రవేత్తలు 1999లో చూపించారు.

దీన్ని ఇంగ్లిష్‌లో అన్నట్టే ‘పరిపక్వత’ (మెచ్యురేషన్) అనడం నాకు నచ్చలేదు. కాయ పండితే ఆ కాయే మారుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల గ్రాహకం, అంటే క్రిమిని పట్టుకునే భాగం, నిజంగానే మారుతుంది కాబట్టి వాటికి ఆ మాట నప్పుతుంది. టి కణానిది పుట్టినప్పటి గ్రాహకమే. మారింది గుంపులో ఎవరెంతమంది అన్నదే. పోనీ ‘ఎంపిక’ అందామంటే ఎంచేవాళ్లెవరు? అందుకే కర్త అక్కర్లేని క్రియ వెతికాను: ‘నిగ్గు తేలడం’. ఎలా ఉందంటారు?

జవాబు 1: తేలేది తాలు కదండీ! మా ఇంట్లో విత్తనం వడ్లు ఉప్పునీళ్లలో పోస్తాం. పైకి తేలినవి చేత్తో తీసి పారేస్తాం, అడుగున మునిగినవే నారుమడికి. పిల్లలకు తిరగబడి అర్థమవుతుందేమో.

జవాబు 2: ‘లెక్క తేలింది’, ‘విషయం తేలింది’ అన్నప్పుడు నీళ్లు గుర్తురావు కదా. నాకైతే ‘నెగ్గుకురావడం’ ఇంకా బాగుంది. ఒకటి మాత్రం చూసుకోండి, ఓడిన కణాలన్నీ చావవు. కాబట్టి ఇక్కడికి ‘ఏరివేత’ రానివ్వకండి.

నా జవాబు: ఇద్దరికీ ధన్యవాదాలు. వడ్ల సంగతి నాకు తట్టనే లేదు, అది చదివాక ‘తేలడం’ తీసేశాను. ‘నెగ్గుకురావడం’లోనూ ఎంచేవాడి అవసరం లేదు, పోటీ కూడా వినిపిస్తోంది. ఇప్పుడు వాక్యం ఇది: ‘గట్టి పట్టున్న టి కణాలు నెగ్గుకొచ్చేకొద్దీ గుంపు గురి కుదురుతుంది.’ ‘గురి కుదరడం’ అంటే గురి తప్పకపోవడం అని రాయలసీమ, తెలంగాణ పిల్లలకూ తెలుసా? ఆ ప్రాంతాల వాళ్లు కాస్త చెప్పండి, రేపు సాయంత్రం పంపేయాలి.