ఇంట్లో బ్యాక్టీరియా పెంచుతున్నా: సలహా అడగాలంటే పేరు చెప్పాలా?

ప్రశ్న:
పగలు బ్యాంకు ఉద్యోగం, రాత్రి పెట్రీ డిష్‌లు (బ్యాక్టీరియా పెంచే మూత పళ్లేలు). మల్కాజిగిరిలో అద్దె ఇల్లు. పెరుగులోని బ్యాక్టీరియాను అగార్ (జెల్లీలాంటి పదార్థం) మీద పెంచుతుంటే ఒక డిష్‌లో నల్లగా, నూగునూగుగా ఏదో మొలిచింది. మూత తీయలేదు. ఎలా పారేయాలో అడుగుదామంటే టెన్షన్. పెట్టిన ఫొటో ఇంటి ఓనర్ కంటపడితే "ఇంట్లో రోగాలు పెంచుతున్నాడు" అంటాడు. పేరు దాచి అడిగితే సరిగ్గా చెప్తారా?

జవాబు 1:
పేరెందుకండీ? అగార్‌లో ఏం కలిపారు, ఎంత వేడిలో ఎన్నాళ్లు ఉంచారు, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లున్నారా, ఇవి కావాలి. ఇవి దాస్తేనే సలహా తప్పుతుంది. డిష్ తెరవకుండా, వేడికి తట్టుకునే కవర్లో మూతి వదులుగా ఉంచి, వంటకు వాడని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టండి. పూర్తి ప్రెషర్ వచ్చాక, అంటే సుమారు 121 డిగ్రీల వేడిలో, అరగంట ఉంచితే లోపల మొలిచింది చచ్చిపోతుంది. ప్లాస్టిక్ డిష్ అయితే కరిగి ముద్దవుతుంది, కంగారు పడకండి.

జవాబు 2:
ఫొటోలో లొకేషన్ ఉండిపోవచ్చు, అది తీసేసి పెట్టండి. అమెరికాలో డీఐవైబయో (ఇంట్లో సొంతంగా జీవశాస్త్ర ప్రయోగాలు చేసేవాళ్ల బృందం) వాళ్లు పేరు లేకుండా అడిగినా బయోసేఫ్టీ (ప్రయోగాల భద్రత) నిపుణులు జవాబిచ్చే ఏర్పాటు చేశారు. ప్రశ్న, జవాబు అందరూ చదివేలా పెట్టేవాళ్లు. నాకదే నచ్చింది.

జవాబు 3:
మరీ గుట్టుగా ఉన్నా ఇబ్బందే. 2004లో అమెరికాలోని బఫెలోలో స్టీవ్ కర్ట్జ్ అనే కళాకారుడి ఇంట్లో ల్యాబ్ సామాను ఉందని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దిగింది. ఉన్నవి హాని లేని బ్యాక్టీరియానే. అయినా కేసు కొట్టేసేసరికి 2008 వచ్చింది. కనీసం ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి.

అడిగినవారు:
మా ఆవిడకి తెలుసు. పాత కుక్కర్ మాత్రం ఇవ్వనంటోంది. ఆదివారం కొత్తది కొనాలి.