మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈనా, బీసీఏనా?

కావలి కుర్రోడు: ఈఏపీసెట్‌లో ర్యాంకు సరిగా రాలేదు, కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ బీటెక్, దక్కేలా లేదు. ఒక కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ సీటుకు ఏడాదికి 2 లక్షలు, హాస్టల్ వేరే అన్నారు. నాన్న లోన్ తీద్దామంటున్నాడు, నేనేమో నెల్లూరులో బీసీఏ (కంప్యూటర్ డిగ్రీ) చేద్దామా అని. ఏది మేలు అన్నా?

బ్యాంకు బాబాయ్: మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, అది ముందు గుర్తుపెట్టుకో. నాలుగేళ్లకు ఫీజే 8 లక్షలు. చదివేటప్పుడు కట్టక్కర్లేదు గానీ వడ్డీ పడుతూనే ఉంటుంది, 10 శాతం లెక్కన చదువైన ఏడాదికి 10.8 లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చాలంటే నెలకు 14 వేల పైమాటే. ఫ్రెషర్‌కి చేతికి పాతిక వేలొస్తే బెంగళూరులో పీజీ హాస్టల్‌కి, తిండికి పోను ఏం మిగులుద్ది అబ్బాయ్?

ఒంగోలు అక్క: బాబాయ్ లెక్క కరెక్టే, కానీ చాలా కంపెనీలు బీటెక్ వాళ్లనే పిలుస్తాయి తమ్ముడూ, బీసీఏకి మొదటి జీతం కూడా తక్కువే. అయినా నేనైతే బీసీఏకే ఓటేస్తా. మూడేళ్లే కదా, తర్వాత ఐసెట్ ఎంట్రన్స్ రాసి ఎంసీఏ (కంప్యూటర్ పీజీ), ఇప్పుడది రెండేళ్లే. విప్రో లాంటివి బీసీఏ వాళ్లను తీసుకుని ఉద్యోగంలో ఉండగానే ఎంటెక్ చదివిస్తున్నాయి కూడా. కాలేజీ గోడ మీద ఫ్లెక్సీలో ప్యాకేజీలు చూసి మాత్రం మోసపోవద్దు, పోయినేడు బయటికెళ్లిన సీనియర్లను నలుగురిని అడుగు, ఎందరికి ఆఫర్ లెటరొచ్చింది, ఎందరు నిజంగా జాయినయ్యారని.

కావలి కుర్రోడు: థ్యాంక్స్ అక్కా. ఈఎంఐ లెక్క నాన్నకి చూపించా, ఆలోచిద్దాం అన్నాడు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బీటెక్) కన్వీనర్‌లో వస్తే పర్లేదా?