ఒక ఎన్‌ఏడీహెచ్‌కి ఏటీపీలు రెండున్నరేనా?

అందరికీ నమస్కారం. బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. శ్వాసక్రియ లెక్క దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

ఇంటర్‌లో ఒక గ్లూకోజ్‌కి 36 లేదా 38 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అని చదివాం. ఇప్పుడు 30 లేదా 32 అంటున్నారు. కారణం అర్థమైంది: ఒక ఎన్‌ఏడీహెచ్ (ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే అణువు) నుంచి వచ్చే రెండు ఎలక్ట్రాన్ల వల్ల మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే ప్రోటీన్ కాంప్లెక్స్‌లలో 1 దగ్గర 4, 3 దగ్గర 4, 4 దగ్గర 2, మొత్తం 10 ప్రోటాన్లు బయటికి పోతాయి. ఒక ఏటీపీకి 4 ప్రోటాన్లు కావాలి కాబట్టి 2.5.

నా సందేహమల్లా ఆ 4 మీదే. ఆవు మైటోకాండ్రియాలో ఏటీపీ సింథేజ్ (ఏటీపీని తయారుచేసే ఎంజైమ్) సి-రింగ్‌లో, అంటే ప్రోటాన్లు వెళ్తుంటే తిరిగే దాని భాగంలో, 8 సబ్‌యూనిట్లు ఉంటాయి. అంటే 8 ప్రోటాన్లకి రింగు ఒక చుట్టు తిరిగి 3 ఏటీపీలు ఇస్తుంది. ఫాస్ఫేట్‌ని లోపలికి తేవడానికి ఏటీపీకి ఇంకొకటి కలిపితే సుమారు 3.7. అప్పుడు ఎన్‌ఏడీహెచ్‌కి 2.7 రావాలి కదా! ఈస్ట్‌లో సి-రింగ్‌కి 10 సబ్‌యూనిట్లు, అక్కడ ఒక ఏటీపీకి సుమారు 4.3 ప్రోటాన్లు కావాల్సి వస్తోంది.

మరి 2.5 అనేది ప్రయోగాల్లో కొలిచిన విలువా, లేక సుమారుగా తీసుకున్నదా? ప్రోటాన్ల లీకేజీని (ఏటీపీ తయారవకుండానే అవి పొర గుండా లోపలికి వచ్చేయడాన్ని) ఇందులో కలుపుతారా? పరీక్షలో ఏది రాయాలన్నది నాకు సమస్య కాదు, లోపల నిజంగా ఏం జరుగుతోందో తెలియాలి. బయోకెమిస్ట్రీ చెప్పే సార్లు, మేడమ్‌లు ఎవరైనా ఉంటే దయచేసి వివరించండి.